వేపచెట్టు నుంచి వంటగది దాకా

నవంబరు 3, 2025, సోమవారం

మధ్యాహ్నం గంట ఇంకా కొట్టలేదు. పళ్ళేల చప్పుడు మొదలైంది. పిల్లలకు గంటతో పని లేదు. వంటగది నుంచి పోపు వాసన వస్తే చాలు. ఇవాళ గుడ్డు. రెండో తరగతి మొత్తం కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కూడికలు బోర్డు మీదే ఉన్నాయి.

రాత్రి పుస్తకం తీశాను. పావ్‌లోవ్ కుక్కల జీర్ణరసాలు కొలిచేవాడు. 1904లో నోబెల్ వచ్చింది దానికే. నోట్లో మెతుకు పడకముందే, తెచ్చే మనిషిని చూడగానే కుక్కకు లాలాజలం ఊరేది. కొలతలకు అది అడ్డం. ఇంకొకరైతే విసుక్కునేవారు. ఆయన మిగిలిన జీవితమంతా ఆ అడ్డం మీదే పని చేశాడు.

నవంబరు 5, బుధవారం

స్టాఫ్‌రూంలో ఇప్పుడు అందరి బ్యాగుల్లో టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష, పుస్తకాలే. సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు. రిటైర్మెంటుకు ఐదేళ్ళకు మించి సర్వీసు ఉన్నవాళ్ళు రెండేళ్ళలో టెట్ పాసవ్వాలి. విద్యాహక్కు చట్టం రాకముందు చేరినవాళ్ళకూ ఇదే. నేను ఉమ్మడి మెదక్ జిల్లా డీఎస్సీ రాసి వచ్చినదాన్ని. పేపర్-1కు 150 మార్కులు. అందులో శిశువికాసం, పెడగాజీకి 30. నాకు 75 రావాలి.

అక్క బిడ్డ డీఎడ్ చేసింది, మా ఇంట్లోనే ఉండి కోచింగుకు పోతోంది. రాత్రిళ్ళు తనే నాకు పంతులు.

"చిన్నమ్మా, థార్న్‌డైక్ దేని మీద ప్రయోగం చేసిండు?"

"పిల్లి."

"పావ్‌లోవ్?"

"కుక్క."

"స్కిన్నర్?"

"ఎలుక. పావురం."

"కోహ్లర్?"

"చింపాంజీ."

"వాట్సన్, బందూరా?"

"పిల్లలు."

పుస్తకంలో వరుస అట్లనే ఉంది.

నవంబరు 7, శుక్రవారం

మూడో తరగతిలో ఒక పిల్లవాడు. పేరు ఇక్కడ కూడా రాయను. దసరా సెలవుల్లో వీధికుక్క కరిచింది, పిక్క మీద. 0, 3, 7, 28 రోజుల లెక్కన సూదులన్నీ వేయించారు. గాయం మానింది.

ఇప్పుడు బెంచీ మీద కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంటాడు. మొదట కుక్కలకే భయపడేవాడు. తర్వాత మేకపిల్లకు. నిన్న ఎవరో గోధుమ రంగు గోనెసంచి ఈడ్చుకుంటూ వరండాలోకి వస్తే గోడకు అతుక్కుపోయాడు. బాత్రూములు ఫినాయిల్‌తో కడిగిన రోజు కూడా ఏడ్చాడు. దవాఖానలో అదే వాసన ఉండి ఉంటుంది.

వంట అక్క కుక్క వంటగది పక్కన కట్టేసి ఉంటుంది. మెడకు బెల్టు. పశువుల దవాఖానలో టీకా వేయించింది. ముసలిది, మొరగదు. అయినా పిల్లవాడు అన్నానికి అటు పోడు. పక్కవాడు రెండు పళ్ళేలు తెస్తాడు. సగం పప్పు దారిలో ఒలుకుతుంది.

1920, అమెరికా. వాట్సన్, రేనర్. ఆల్బర్ట్ అని పిలిచిన పసివాడు. వయసు పదకొండు నెలలు. తెల్ల ఎలుకను ముట్టబోయినప్పుడల్లా వెనక నుంచి ఇనప కమ్మీ మీద సుత్తితో కొట్టారు. కొన్నిసార్లకే ఎలుకను చూసి ఏడ్చాడు. ఆ తర్వాత కుందేలు, కుక్క, బొచ్చు కోటు, తెల్లగడ్డం మాస్కు. భయం తీసేయకముందే తల్లి పిల్లవాణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది. పుస్తకంలో రెండు లైన్లు. కింద బిట్టు: "ఈ ప్రయోగం దేనికి ఉదాహరణ?" సామాన్యీకరణం. ఒక మార్కు.

ఆ పిల్లవాడి సంగతి ఎవరూ అడగలేదు. నాకు అక్కడే ఆగిపోయింది చదువు.

నవంబరు 12, బుధవారం

చెత్తబండి పాట వీధి మలుపు తిరగకముందే అత్తమ్మ లేస్తుంది. మోకాళ్ళ నొప్పి అప్పుడు గుర్తుండదు. తడి చెత్త ఒక చేత్తో, పొడి చెత్త ఒక చేత్తో. పాడైన బల్బులు, మందు సీసాలు వేరే కవర్లో. సిద్దిపేటలో ఇది ఇంటింటి సంగతే. స్వచ్ఛబడి పెట్టి పిల్లలకూ పెద్దలకూ నేర్పించారు. పదేళ్ళ కింద ఈ వీధిలో పెంటకుప్ప ఉండేది.

మొన్న ఫంక్షన్ హాల్లో పెళ్ళి. డీజేవాడు అదే బాణీ పాట పెట్టాడు. అత్తమ్మ విస్తరి ముందు నుంచి సగం లేచింది. పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా.

నవంబరు 14, శుక్రవారం

బడిలో స్వయంపాలన. ఐదో తరగతి వాళ్ళే టీచర్లు. చీరలు, పౌడరు, చేతిలో రిజిస్టరు.

ఒకటో తరగతికి టీచరైన పిల్ల గదిలోకి పోగానే చేసిన మొదటి పని: స్కేలు తీసుకుని బల్ల మీద కొట్టింది. రెండో పని: "చేతులు కట్టుకోండ్రి." మా బడిలో కర్ర లేదు. స్కేలుతో ఎవరూ కొట్టరు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మనసు నొచ్చేలా వేధించడాన్నీ నిషేధించింది. అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. ఈ పిల్ల పుట్టింది అది వచ్చిన ఐదారేళ్ళకు.

"ఎక్కడ చూసినవ్ బిడ్డా?"

"టీచర్లు గంతే గద టీచర్."

సినిమాల్లో చూసిందో, ఇంట్లో పెద్దవాళ్ళ ముచ్చట్లలో విన్నదో. బందూరా 1961లో పిల్లలకు ఒక పెద్దమనిషి గాలిబొమ్మను తన్నడం చూపించాడు. తర్వాత పిల్లలు అదే బొమ్మను తన్నారు. ఆ పెద్దమనిషి వాడిన మాటలతోనే తిట్టారు. వాళ్ళకు ఎవరూ బహుమానం ఇవ్వలేదు, తన్నమని చెప్పలేదు.

ఇంకొకటి కూడా చూశాను. నా వేషం వేసిన పిల్ల మాట్లాడబోయే ముందు ప్రతిసారీ కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. నాకు ఆ అలవాటు ఉందని ఇవాళే తెలిసింది.

నవంబరు 17, సోమవారం

ముస్తాబాద్ చౌరస్తా దగ్గర పండ్ల దుకాణం. అరటిగెలల పక్కన బొచ్చు పులిబొమ్మ. కోతుల కోసం. పెట్టిన కొత్తలో ఎదురు గోడ మీదే ఆగిపోయేవట. ఇవాళ ఒక కోతి పులి వీపు మీద కూర్చుని అరటిపండు ఒలుచుకుంటోంది.

దుకాణపాయన ఇప్పుడు కొండెంగ ఫ్లెక్సీ చేయిస్తానంటున్నాడు. పక్క ఊళ్ళో నిజం కొండెంగను తెచ్చి తిప్పారట. అది ఉన్న రోజులు కోతులు లేవు. అది పోయిన తెల్లారి వచ్చాయి.

కోతులకు ఎవరూ కోచింగు పెట్టలేదు. పులి కదలడం లేదని పట్టేశాయి. బొమ్మను మార్చినప్పుడల్లా మళ్ళీ కనుక్కుంటాయి.

నవంబరు 20, గురువారం

కల్లాల మీద ఇంకా వడ్లున్నాయి. అక్టోబరు చివర మొంథా తుఫానుకు హుస్నాబాద్ మార్కెట్ యార్డులో వడ్లు నీళ్ళలో కొట్టుకుపోయాయి. అప్పటి నుంచి ఇక్కడి రైతులకు కూడా నిద్ర లేదు. ఇవాళ సాయంత్రం మబ్బు పట్టింది. చుక్క పడలేదు. బడి పక్క కల్లంలో మొగుడూ పెళ్ళాలు టార్పాలిన్ పట్టుకుని ఉరికారు. కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, అక్కడే నిలబడి ఆకాశం చూస్తున్నారు.

1924 సెప్టెంబరు. లెనిన్‌గ్రాడ్‌లో వరద. పావ్‌లోవ్ ప్రయోగశాలలో కుక్కలు బోన్లలో ఉన్నాయి. నీళ్ళు మెడల దాకా వచ్చాయి. మనుషులు వెళ్ళి వాటిని బయటికి లాగారు. బతికాయి. కానీ కొన్ని అంతకుముందు నేర్చుకున్నవన్నీ మరిచిపోయాయి. ఓపిగ్గా మళ్ళీ నేర్పారు. ఒక కుక్క బాగా కోలుకుంది. ఒకరోజు దాని గది తలుపు కింద నుంచి కొద్దిగా నీళ్ళు పారనిచ్చారు. అంతే. నేర్పిందంతా పోయింది. వణుకు మిగిలింది.

ఇది టెట్ సిలబస్‌లో లేదు. ఉండాల్సింది.

నవంబరు 23, ఆదివారం

కోమటి చెరువు మీద పొద్దున నడక. వేలాడే వంతెన మీద ఫొటోలు తీసుకునేవాళ్ళు ఆ పొద్దుకే వచ్చేశారు.

మధ్యాహ్నం అక్క వాళ్ళ ఊరు. ఊరి చెరువు కట్ట మీద ఒకాయన గాలం వేసుకుని కూర్చున్నాడు. ఎప్పుడు చూసినా అదే రాయి మీద. పలకరించాను.

"ఏమన్న పడ్డయా మామా?"

"ఒక దినం పడ్తయ్, ఒక దినం పడయ్."

"మరి రోజూ కూసుంటవ్?"

"రోజూ పడ్తే గీడెందుకు కూసుంట బిడ్డా, బజార్ల కొనుక్కత్త."

స్కిన్నర్, ఫెర్స్టర్ 1957లో పెద్ద పుస్తకమే వేశారు దీని మీద. బిళ్ళను ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ పడితే, గింజ ఆగిన కాసేపటికే పావురం పొడవడం మానేస్తుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా పడితే, ఆగిపోయాక కూడా వేలసార్లు పొడుస్తుంది. మామ ఒక్క మాటలో చెప్పాడు. అక్క బిడ్డ అది నోట్సులో రాసుకుంది.

బస్సులో నా పక్కన కూర్చున్న కుర్రవాడు సిద్దిపేట దాకా ఫోను జేబులోంచి తీస్తూ పెడుతూ ఉన్నాడు. అది ఒక్కసారి కూడా మోగలేదు.

నవంబరు 26, బుధవారం

మేరీ కవర్ జోన్స్. 1924. టెట్ పుస్తకంలో ఈమె పేరు లేదు. అక్క బిడ్డ ఫోన్లో వెతికి చదివి వినిపించింది. పీటర్ అనే పిల్లవాడు, మూడేళ్ళు కూడా నిండలేదు. కుందేలంటే భయం. దూది అన్నా భయమే. జోన్స్ వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఇష్టమైనది తినిపించింది. గదికి ఆ చివర బోనులో కుందేలు. వాడు తింటూ ఉంటే కొంచెం కొంచెం ముందుకు తెచ్చింది. వాడి తిండికి అడ్డం రానంత దగ్గరికే. చివరికి ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో కుందేలును నిమిరాడు.

పొద్దున హెడ్మాస్టరు సారుతో మాట్లాడాను. పిల్లవాడి అమ్మను పిలిపించి చెప్పాను. "భయపెట్టకుండ చేస్తె సరే టీచర్" అంది. వంట అక్క ఒప్పుకుంది. కుక్క వంటగది పక్కనే కట్టేసి ఉంటుంది, విప్పేది లేదు. పిల్లవాడు, వాడి దోస్తు వేపచెట్టు కింద తింటారు. బడి ఆవరణలో అది ఆ చివర. వేపచెట్టు, జెండా గద్దె, బోరింగు, వంటగది. దారి అదే.

షరతు ఒక్కటే. వాడి చెయ్యి ముద్ద దగ్గర ఆగితే ఒక అడుగు వెనక్కి.

నవంబరు 29, శనివారం

గొల్లభామ చీర నేసే ఇల్లు. తల మీద కుండ, చేతిలో గురిగి పట్టుకున్న గొల్లభామ బొమ్మ. నేత మధ్యలో రంగుపోగులు చేత్తో ఎక్కిస్తారు. ఇప్పుడు సిద్దిపేటలో నేసేవాళ్ళు కొద్దిమందే.

పెద్దాయన వేళ్ళు పోగుల మధ్య పోతున్నాయి. ఎన్ని పోగులు వదిలి ఎన్ని ఎత్తాలో అడిగాను. చెప్పబోయి ఆగాడు. చేతులు కూడా ఆగాయి. మళ్ళీ మొదటి నుంచి ఎత్తాడు, నా వైపు చూడకుండా. అప్పుడు వచ్చింది.

"లెక్క అడగకు బిడ్డా. చెయ్యికి తెలుసు."

చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని చూశాడట. ఎన్నేళ్ళు చూశావంటే, నేసుడు ఎప్పుడు మొదలైందో గుర్తులేదన్నాడు. మనవడు హైదరాబాదులో ఉంటాడు. మగ్గం పక్కన చిన్న పీట ఉంది. దాని మీద రంగుల దారపు ఉండలు పెట్టుకున్నాడు.

డిసెంబరు 2, మంగళవారం

వారానికోసారి ఐరన్ గోళీ. చిన్నపిల్లలకు గులాబీ రంగుది, అన్నం తిన్నాక. పోయిన నెల నాలుగో తరగతి పిల్ల ఒకతె గోళీ వేసుకున్న కాసేపటికి వాంతి చేసుకుంది. ఆ రోజు ఆలుగడ్డ కూర.

ఇవాళ మళ్ళీ గోళీ రోజు. పిల్ల చెయ్యి చాపి తీసుకుంది, మింగింది. ఇబ్బందేం లేదు. ఆలుగడ్డ మాత్రం ముట్టదు. ఇంట్లో కూడా ముట్టడం లేదని వాళ్ళ అమ్మ చెప్పింది. "మా బిడ్డకు ఆలుగడ్డంటె పానం ఉండె టీచర్."

గార్సియా 1966లో ఎలుకలకు తియ్యని నీళ్ళు తాగించి, తర్వాత జబ్బు చేసేట్టు చేశాడు. ఎలుకలు తీపి మానేశాయి. నీళ్ళు తాగేటప్పుడు వెలిగిన దీపాన్నీ, మోగిన చప్పుడునూ పట్టించుకోలేదు. కడుపులో తిప్పితే తప్పు రుచిదే. అప్పటిదాకా ఏ రెండింటినైనా జత చేయొచ్చని అనుకునేవారు. ఆయన చెప్పింది చాలామంది చాలా ఏళ్ళు నమ్మలేదు.

వంట అక్కతో చెప్పాను. కొన్నాళ్ళు గోళీ రోజు ఆలుగడ్డ వద్దు.

డిసెంబరు 5, శుక్రవారం

పిల్లవాడు జెండా గద్దె దాకా వచ్చాడు. దోస్తుతో మాట్లాడుతూ తిన్నాడు. కుక్క తోక ఆడించింది. ముద్ద ఆగింది. ఒక అడుగు వెనక్కి జరిపాం. మళ్ళీ తిన్నాడు.

గుడ్డు ఉన్న రోజుల్లో ముందుకు తొందరగా జరుగుతున్నాడు.

డిసెంబరు 14, ఆదివారం

పంచాయతీ ఎన్నికల డ్యూటీ. రెండో విడత. పొద్దున 7 నుంచి 1 దాకా పోలింగు. ఊరు పేరు అనవసరం. కోతుల్ని పట్టిస్తానని ఇద్దరు అభ్యర్థులు మాట ఇచ్చారట. కోతులు బడి గోడ మీదే కూర్చుని ఉన్నాయి.

ఒక అవ్వ. నడుం వంగింది. లైను చివర నిలబడ్డప్పటి నుంచే ఎడమ చెయ్యి చూపుడువేలు చాపి ఉంచింది. ఇంకా ఇరవై మంది ముందున్నారు. వేలు దించలేదు. సిరా పెట్టేటప్పుడు చూశాను. చాపి చాపి చెయ్యి వణుకుతోంది.

డిసెంబరు 17, బుధవారం

పిల్లల బంతి మోరీ గొట్టంలో పడింది. పెద్దపిల్లలు ఒకరి తర్వాత ఒకరు కర్ర పెట్టి పొడిచారు. అందలేదు. ఒకడు గొట్టాన్ని తన్నాడు. థార్న్‌డైక్ పిల్లి పెట్టెలో ఇట్లాగే చేసి ఉంటుంది.

రెండో తరగతి పిల్ల, ఇంతవరకు క్లాసులో నోరు విప్పని పిల్ల, దూరంగా కూర్చుని చూసింది. లేచింది. బకెట్టు తెచ్చి గొట్టం నిండా నీళ్ళు పోసింది. బంతి తేలి వచ్చింది. ఎవరూ నేర్పలేదు. కోహ్లర్ చింపాంజీ సుల్తాన్ రెండు కర్రలు కలిపి అరటిపండు లాక్కుంది, టెనెరిఫ్ దీవిలో. ఇది సిద్దిపేట జిల్లా. నాకు సుల్తాన్ గుర్తుకొచ్చింది పిల్లను ఇంటికి పంపాకే.

బంతి పెద్దపిల్లలు తీసుకుపోయారు. రిజిస్టరులో ఆ పిల్ల పేరు పక్కన చిన్న చుక్క పెట్టుకున్నాను. రేపు ముందు బెంచీ.

డిసెంబరు 22, సోమవారం

గణిత దినోత్సవం. రామానుజన్ పుట్టినరోజు. పిల్లలతో ఎక్కాల పోటీ.

పదమూడో ఎక్కం దగ్గర నా అరచేతులు చెమట పట్టాయి. ప్రతిసారీ పడతాయి. చిన్నప్పుడు మా లెక్కల సారు పదమూడు అడిగి, తప్పయితే చేతివేళ్ళ కణుపుల మీద కొట్టేవారు. పదమూడు రాలేదు. సారు వాడే అత్తరు వాసన వస్తే ఇప్పటికీ పక్క వీధిలోకి తిరుగుతాను. సారు చనిపోయి చాలా ఏళ్ళయింది.

థార్న్‌డైక్ మొదట చెప్పింది: హాయినిచ్చే ఫలితం పనిని బలపరుస్తుంది, బాధించే ఫలితం బలహీనం చేస్తుంది. పుస్తకాల్లో ఫలిత నియమం ఇదే. 1930ల్లో ఆయనే మళ్ళీ ప్రయోగాలు చేసి రెండో సగం వెనక్కి తీసుకున్నాడు. "ఒప్పు" అంటే గట్టిపడుతుంది. "తప్పు" అంటే అంతగా చెరిగిపోదు. శిక్ష తప్పును తుడిచేయదు. ఈ సగం మన పుస్తకాల్లోకి రాలేదు. బడుల్లోకి అసలు రాలేదు. ప్రతి టీచరు బల్ల మీద ఈ ఒక్క వాక్యం ఉండాలని నా కోరిక.

పిల్లలు పదమూడో ఎక్కం పాటలాగా పాడారు. నేనూ పాడాను.

డిసెంబరు 29, సోమవారం

బోరింగు దాకా.

డిసెంబరు 31, బుధవారం

సిద్దిపేటకు రైలు వచ్చింది 2023 అక్టోబరు 3న. అప్పుడు పట్టాల పక్క మేకలు కూత వినపడితే చేన్లకు అడ్డంపడి ఉరికేవి. కాపరి రెండు రోజులు వెతుక్కున్నవి ఉన్నాయి. ఇవాళ రైలు పోతుంటే చూశాను. ఒక్క మేక తల ఎత్తలేదు. నమలడం కూడా ఆపలేదు.

కాపరి మాత్రం లేచి నిలబడి, చివరి పెట్టె పోయేదాకా చూశాడు.

జనవరి 9, 2026, శుక్రవారం

పరీక్ష అయిపోయింది. కంప్యూటర్ మీద. నా వరుసలో ఒక సారు, రేపో మాపో యాభై ఐదు నిండుతాయి. మౌస్ పట్టుకోవడం తెలియదు. బాణం గుర్తు ఒకచోట ఉంటుంది, సారు చూపు ఒకచోట. ఇన్విజిలేటర్ కుర్రవాడు పక్కన వంగి, "సార్, మెల్లగ జరపుండ్రి. ఆఁ. గట్లనే. అచ్చింది చూడుండ్రి" అన్నాడు. సారు మూడో ప్రశ్నకు నొక్కగలిగాడు. కుర్రవాడు వెళ్ళబోతే సారు వాడి చెయ్యి పట్టుకుని ఒక్క క్షణం వదల్లేదు.

ఎవరికి ఎట్లా నేర్పాలో ఆ కుర్రవాడికి ఎవరు చెప్పారో. అక్కడ వాడి పేరు అడిగే వీల్లేదు, అడగలేదు.

జనవరి 14, బుధవారం

భోగి. వీధిలోకి గంగిరెద్దు వచ్చింది. నడుం మీద రంగుల బొంతలు, కొమ్ములకు కుచ్చులు. డోలు, సన్నాయి. ఆయన "అమ్మగారికి దండం పెట్టు" అన్నాడు. తల వంచింది. "అయ్యగారు చల్లగుండాల్నా?" అవునని తలూపింది. "ఈ యింట్ల పిసినారులున్నరా?" అడ్డంగా ఊపింది. అందరూ నవ్వారు, చీర పెట్టారు.

నేను ఆయన చెయ్యి చూశాను. ముక్కుతాడు పట్టుకున్న చెయ్యి ఎక్కడా లాగలేదు. ఇంకో చెయ్యి ఎద్దు మెడ మీద ఉంది. ప్రశ్న అయిపోయేటప్పుడు చూపుడువేలు ఒక్కటి కదిలింది. అవునుకు ఒక తీరు, కాదుకు ఒక తీరు. డోలు దెబ్బ కూడా మారింది. పిల్లలెవరూ ఆ వేలు చూడలేదు.

1904లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని ఊరంతా నమ్మింది. గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. ప్‌ఫుంగ్‌స్ట్ అనే ఆయన కనిపెట్టాడు: అడిగే మనిషికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. సరైన అంకె దగ్గరికి రాగానే మనిషి తల తనకు తెలియకుండానే కొద్దిగా కదిలేది. గుర్రం అది చూసి ఆపేది. యజమానికి తెలియదు తాను చెబుతున్నట్టు.

మా గంగిరెద్దాయనకు తెలుసు. అడిగితే చెప్పాడు. దూడప్పటి నుంచి పక్కనే పడుకుంటాడట. "కొడ్తె నేర్వదమ్మా. కొడ్తె కొమ్ము నేర్తది."

ఆ మాట రాసుకుంటుంటే అక్క బిడ్డ అడిగింది, ఇది ఎవరి సిద్ధాంతం చిన్నమ్మా అని.

జనవరి 19, సోమవారం

సంక్రాంతి సెలవుల తర్వాత. పిల్లలు సగమే వచ్చారు. నిన్న కొమురవెల్లి మల్లన్న పట్నం వారం. జాతర ఉగాది దాకా ఉంటుంది, ఆదివారం తెల్లారి బడి ఇక ఇట్లనే.

పిల్లవాడు వచ్చాడు. సెలవులకు ముందు బోరింగు దాటి వంటగది మెట్ల దాకా పోయినవాడు. ఇవాళ కుక్కను చూసి వేపచెట్టు వెనక్కి పోయాడు. సెలవుల్లో ఏమీ జరగలేదట. ఏ కుక్కా దగ్గరికి రాలేదట. ఊరికే మళ్ళీ వచ్చింది.

పావ్‌లోవ్ రాసిపెట్టాడు. గంట కొట్టి కొట్టి అన్నం పెట్టకపోతే కుక్క లాలాజలం ఆగిపోతుంది. పోయిందనుకుంటాం. కొన్నాళ్ళు వదిలేసి గంట కొడితే మళ్ళీ ఊరుతుంది. పోయిందనుకున్నది పోలేదు. అడుగున ఉంది. పుస్తకంలో దీన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. టెట్‌లో అడిగారు. సరిగ్గానే పెట్టాను.

పీటర్‌కు కూడా భయం మళ్ళీ వచ్చింది, ఊరికే కాదు. మధ్యలో జ్వరమొచ్చి దవాఖానలో చేర్చారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక పెద్దకుక్క మీదికి ఉరికింది. అప్పటిదాకా అయిందంతా పోయింది. జోన్స్ వదిలేయలేదు. కుర్చీ వేసి తినేది పెట్టడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

పిల్లవాడి అమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. మొహం చిన్నబోయింది.

"మల్ల మొదటికొచ్చింది గద టీచర్."

"మొదటికి రాలేదమ్మా. పోయినసారి వేపచెట్టు కింద కూసునేదానికే వారం పట్టింది. ఇయ్యాల తనే పోయి కూసున్నడు."

జనవరి 21, బుధవారం

జెండా గద్దె దాకా. ముద్ద ఆగలేదు.

నిన్న గోళీ రోజు, ఆలుగడ్డ లేదు. అయినా ఆ పిల్ల మూత తీసి చూసుకున్నాకే పళ్ళెం పట్టింది.

నోరు విప్పని పిల్ల ముందు బెంచీలో చెయ్యి ఎత్తింది. జవాబు తప్పు. "ఎట్ల ఆలోచించినవో చెప్పు" అన్నాను. చెప్పింది. పొడుగ్గా చెప్పింది. క్లాసు గంట కొట్టినా చెబుతూనే ఉంది. ఎవరినీ లేవనివ్వలేదు నేను.

వంట అక్కతో మాట్లాడాను. రేపు గురువారం, గుడ్డు లేదు. పిల్లవాడి కోసం నేను ఇంటి నుంచి పల్లీపట్టీ తెస్తానని చెప్పాను. ఇద్దరికి తేవాలి, దోస్తుకు కూడా. కుక్కకు రొట్టెముక్క.